నాలుకగారి తీర్పు

ఆ సిగార్ల కంపెనీలో ఎవరినైనా పట్టుకుని "నాలుకగారు ఎక్కడ?" అని అడిగితే చాలు, మేడ మీది తెల్లగది వైపు వేలు చూపిస్తారు. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి ఒక్కడికే తెలుసు, అతను కూడా నెలకోసారే గుర్తు తెచ్చుకుంటాడు. నాలుకగారి ఉద్యోగం చుట్టలు కాల్చడం. నవ్వకండి. లోకంలో అందరూ చుట్టలు కాల్చి ఒళ్ళూ ఇల్లూ గుల్ల చేసుకుంటే, ఈయన కాల్చి ఇల్లు కట్టుకున్నాడు. పైగా ఆ గదిలో చుట్ట అనే మాట ఎత్తకూడదు, సిగార్ అనాలి. ఆకు అదే, చుట్టే చేతులూ అవే. నడుముకి బంగారు రంగు కాగితం పట్టీ వేసి దేవదారు పెట్టెలో పడుకోబెట్టేసరికి దానికి ఎక్కడలేని పరువూ వచ్చేస్తుంది. పొరపాటున చుట్ట అన్న గుమాస్తాని ఒకసారి యజమాని మెట్ల మీదే నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

ఆ తెల్లగదికి ఉన్నన్ని ఆంక్షలు ఆపరేషన్ గదికి కూడా ఉండవు. సబ్బు వాసన వేసే చేతులతో రాకూడదు. తలకి నూనె రాయకూడదు. ఫ్యాను తిప్పకూడదు. పొద్దున్నే ఉల్లిపాయ ముట్టకూడదు. బల్ల మీద పట్టీలు లేని సిగార్లు, గ్లాసుడు మంచినీళ్ళు, ఉప్పు లేని రొట్టె ముక్క, అంతే. ముందు సిగార్‌ని వేళ్ళ మధ్య నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. మెత్తగా తగిలిన చోట లోపల ఆకు తక్కువ పడిందని అర్థం. రాయిలా తగిలితే పొగ లాగేసరికి బుగ్గలు పీక్కుపోతాయి. తర్వాత కొస కోసి, వెలిగించకుండానే ఒకసారి పీల్చాలి. అప్పుడు అగ్గిపుల్ల గీసి, మంట తగిలీ తగలకుండా తిప్పుతూ, అంచంతా సమానంగా ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి కొంచెం ముక్కులోంచి వదలాలి. అసలు గుట్టంతా ముక్కులోనే ఉంటుంది, పేరు మాత్రం నాలుకకి. మొదటి భాగానికి ఒక తీర్పు, నడిమి భాగానికి ఒకటి, చివరి భాగానికి ఒకటి. అన్నీ అయ్యాక సిగార్ మొత్తానికి ఒక్క మాట చెప్పాలి: పలచన, మధ్యస్థం, ఘాటు.

వీటిలో ఘాటు చేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మొక్క పైకొసన ఎండ తిన్న ఆకు ఇంకాస్త దట్టిస్తే సరి, కాల్చినవాడి కళ్ళు తిరుగుతాయి, తిరిగినందుకే వాడు గొప్ప సిగార్ అంటాడు. పలచన అయితే మరీ తేలిక, అడుగాకు నింపి పై ఆకు అందంగా చుడితే చాలు. చచ్చేచావంతా మధ్యస్థంతోనే. నోరు నిండాలి, తల తిరక్కూడదు. మొదట్లో ఉన్నది చివర్లో ఉండకూడదు, అలాగని చివర్లో వేరే సిగార్ కాల్చినట్టూ ఉండకూడదు. ఆ కంపెనీలో ఎంతోమంది ఆకు కలిపేవాళ్ళు దాని దగ్గరే బోర్లాపడ్డారు.

నాలుకగారిని చిన్నప్పుడు "ముక్కు" అని పిలిచేవాళ్ళు. మెట్ల దగ్గర నిలబడి ఏ అంతస్తులో ఎవరి కూర మాడుతోందో చెప్పేవాడు. దానికి మెప్పుకోలు కంటే మొట్టికాయలే ఎక్కువ దక్కాయి, ఎందుకంటే మాడేది తరచుగా వాళ్ళమ్మ వండే కూరే. పెద్దయ్యాక ఈ కంపెనీలోనే ఆకు విడదీసే చోట కూలికి చేరాడు. ఒకరోజు ఆకు బేళ్ళ పక్కనుంచి నడిచిపోతూ ఆగి, "దీని కడుపులో బూజు పట్టింది" అన్నాడు. విప్పి చూస్తే పట్టింది. అప్పటి పెద్ద యజమాని ఆయన్ని మేడెక్కించి కుర్చీ వేయించాడు.

ఆ రోజుల్లో నాలుకగారి తీర్పులు ఎలా ఉండేవంటే: "బాగా కాలుతుంది. పొగ చల్లగా ఉంది. చివర చేదు, కానీ పర్వాలేదు." పెద్ద యజమాని పోయి ఆయన కొడుకు యజమాని అయ్యాక, ఆ కొడుక్కి పెట్టె మూత లోపల సిగార్ రుచిని వర్ణిస్తూ ఒక వాక్యం అచ్చు వేయించాలని సరదా పుట్టింది. పాత తీర్పులు తెప్పించుకుని చదివి ఆయనకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"'పర్వాలేదు' అని రాస్తే ఎవడు కొంటాడండీ? కాస్త పువ్వులూ పళ్ళూ పడేయండి!"

ఈ చిన్న యజమాని సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయనకి సిగార్ పడదు. ఒక్క దమ్ము లాగితే గంట దగ్గుతాడు. గోడ మీది ఫొటోలో చేతిలో సిగార్‌తో సింహంలా కూర్చున్నది ఈయనే, కాకపోతే అది వెలిగించని సిగార్. అలాంటాయన చెప్పాడు, నాలుకగారు విన్నాడు. అంజూరం, కాల్చిన బాదం, వాన వెలిసిన తోట, పాత తోలు కుర్చీ, ఒకటేమిటి, అన్నీ వచ్చి పొగలో పడ్డాయి. ఆయన జన్మలో అంజూరం తిని ఎరగడు. అయినా ఒక్క మాట ఆయన తరఫున చెప్పాలి: ఆ రోజుల్లో నోట్లో నిజంగా ఏదో తగిలితేనే దానికో పేరు వెతికేవాడు. పేరు అబద్ధం కావచ్చు, తగలడం నిజం.

ఆకు కలిపేవాడు స్వయానా ఆయన బావమరిది. "మా తమ్ముడికో దారి చూపించండి" అని భార్య రోజూ చెవినిల్లు కట్టుకుని పోరితే, ఆయన కంపెనీలో పెట్టించాడు. సిఫారసు మీద వచ్చిన బావమరుదులు మామూలుగా కుర్చీ వెచ్చబెట్టడానికి వస్తారు. ఈ పిచ్చివాడు పని నేర్చుకున్నాడు. ఏ ఆకు ఎన్నాళ్ళు మగ్గితే ఎలా మారుతుందో, దేని పక్కన ఏది పెడితే కలుస్తుందో, ఏది పెడితే కొట్టుకుంటుందో రాత్రీ పగలూ అదే ధ్యాస. కొన్నేళ్ళుగా ఒక మధ్యస్థం సిగార్ మీద పడి ఉన్నాడు. ఆ కంపెనీలో ఒక పద్ధతుంది: కొత్త రకం పాసైతే, దాన్ని కలిపినవాడి గుర్తు పెట్టె అడుగున ముద్ర వేస్తారు. బావమరిది ఆ గుర్తు ఎలా ఉండాలో కూడా ముందే గీసుకున్నాడు, చిన్న ఆకూ దాని మీద ఒక చుక్కా. పెళ్ళి కూడా ఆ ముద్ర పడ్డాకే అని భీష్మించుకుని కూర్చున్నాడు. ఆ ముద్ర పడాలంటే ముందు బావ నోటి నుంచి "బాగుంది" అన్న మాట పడాలి.

అదిగో, సరిగ్గా అప్పుడే నాలుకగారికి జ్వరం వచ్చింది.

జ్వరం మూణ్ణాళ్ళ ముచ్చటే. లేచి కూర్చుని వంటింటి పక్కన పేపరు చదువుకుంటున్నాడు. భార్య బయట నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, పాలు మాడి వీధి వీధంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని ఆ పొయ్యి కట్టేయలేరా?"

"చూసుకోలేదే."

"చూడక్కర్లేదు, ముక్కుంటే చాలు!"

ఇల్లాలికి ఇందులో కొత్త జబ్బేమీ కనిపించలేదు. మొగుడు పొయ్యి కట్టేయకపోవడం ఏ ఇంట్లో లేదు గనక. నాలుకగారు మాత్రం లేచి మాడిన గిన్నె మీదికి వంగి పీల్చాడు. ఏమీ లేదు. సబ్బు తీసి పీల్చాడు, కాఫీ డబ్బా మూత తీసి పీల్చాడు. గాలి వచ్చింది, వెళ్ళింది. మర్నాడు తెల్లగదిలో సిగార్ వెలిగిస్తే నోట్లో వెచ్చదనం తప్ప ఏమీ తెలియలేదు. తీపి, ఉప్పు, చేదు, మంట, ఇవి నాలుగే మిగిలాయి. జ్వరంతో పట్టిన జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకున్నాడు. జలుబు తగ్గింది, అది రాలేదు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. ఎలా చెబుతాడు? నాలుక పెట్టిన కూడు తింటున్నవాడు నాలుక పోయిందని టముకు వేసుకుంటాడా? అందుకని కళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు మూసి, తల ఇంకాస్త పక్కకి వాల్చి, పని కానిచ్చేశాడు. విచిత్రమేమిటంటే రాత పుంజుకుంది. నోట్లో రుచి ఉన్నన్నాళ్ళూ దానికి అంటిపెట్టుకుని రాయాల్సి వచ్చేది, ఇప్పుడా బాదరబందీ లేదు. "సాయంత్రం పూట తెరిచిన పాత పెట్టెలో అంజూరపు జ్ఞాపకం" అని ఒకటి, "తాతగారు లేచి వెళ్ళిన తోలు కుర్చీ వెచ్చదనం" అని ఇంకొకటి వదిలాడు. పెట్టెలు వేడివేడి బజ్జీల్లా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు కూడా అంజూరం తగిలిందనే చెప్పారు. తగల్లేదంటే తమ నోరు తక్కువ నోరని ఒప్పుకున్నట్టవుతుందాయె.

ఇక్కడిదాకా ఎవరికీ నష్టం లేదు, నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈలోగానే బావమరిది తన మధ్యస్థాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుకగారు వెలిగించాడు. వెచ్చగా ఉంది. ఎదురుగా బావమరిది చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా చూస్తున్నాడు. తీర్పులు చెప్పేవాళ్ళకి ఒక కిటుకు ఉంది: ఏమీ తెలియనప్పుడు చిన్న లోపం పట్టుకోవాలి. బాగుందంటే రేపు బాధ్యత నెత్తినెక్కుతుంది, బాగాలేదంటే ఎందుకో చెప్పమంటారు. చిన్న లోపం పడితే మాత్రం ఎంత సూక్ష్మంగా చూశాడో అంటారు.

"నడిమి భాగంలో మిరియం కొంచెం ముందుకొస్తోందిరా" అన్నాడు.

బావమరిది వెళ్ళి పైకొస ఆకు తగ్గించి తెచ్చాడు. "ఇప్పుడు కాస్త ఖాళీగా అనిపిస్తోంది" అన్నాడు నాలుకగారు, కిందటిసారి కంటే వేరుగా ఏదో ఒకటి అనాలి గనక. వాడు మధ్యాకు పెంచి తెచ్చాడు. "చివర్లో మట్టి." వాడు లోపలి ఆకుని పట్టి ఉంచే కట్టు ఆకు మార్చాడు. "తీపి ఆలస్యంగా వస్తోంది." వాడు మరో ఏడాది మగ్గిన బేలు విప్పాడు. గుడ్డికన్ను తెరిస్తే ఎంత, మూస్తే ఎంత. ఆ గుడ్డికన్ను చూపించిన దారినల్లా ఆ అబ్బాయి నెలల తరబడి నడిచాడు. చివరికి యజమాని తొందరపెడితే నాలుకగారు "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అనేశాడు. మూత మీదికి వాక్యం కూడా అల్లి ఇచ్చాడు. ఇక యజమాని ఎదుట ఒకసారి కాల్చి పాస్ చేయడమే మిగిలింది.

దాని ముందు రోజు సెలవు. మధ్యాహ్నం బావమరిది ఇంటికొచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. అక్క వడ్డిస్తానంటే వద్దని, బావని వరండాలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"బావా, ఒక మాట చెప్పాలి. అక్కకి చెప్పకు."

"ఏంటిరా?"

"నా నోరు పోయింది."

నాలుకగారికి తేలు కుట్టినట్టయింది. "ఏం మాటల్రా అవి!"

"నిజం బావా. నువ్వు అంజూరం అంటావు, నాకు ఎంత వెతికినా దొరకట్లేదు. మిరియం ఎక్కువైందన్నావు, నాకసలు మిరియమే తగల్లేదు. అయినా తీసేశాను. నిజం చెప్పనా? నాకు మొదట తెచ్చిందే బాగుందనిపించింది. అక్కడే భయమేసింది. నువ్వు బాలేదన్నది నాకు బాగుందంటే నా నోరు చెడినట్టేగా? డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చా. ముక్కులో లైటేసి చూసి, దివ్యంగా ఉందన్నాడు. ఆయనకేం తెలుస్తుంది?"

"ఒరేయ్..."

"రేపు యజమానితో చెప్పేస్తాను. నా గుర్తు వెయ్యొద్దని. కింద ఆకు విడదీసే పనిలోకి పంపించెయ్యమని. రుచి తెలియనివాడు ఆకు కలపకూడదు బావా, అది మోసం."

మోసం అన్న మాట వాడు తన మీద తనే వేసుకున్నాడు. అది వచ్చి ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. నాలుకగారు నోరు తెరిచాడు. నెలల తరబడి మింగలేకా కక్కలేకా పెట్టుకున్నది గొంతు దాకా వచ్చింది. వచ్చి, తీరా బయటపడింది ఇది:

"కొన్నాళ్ళు రెస్టు తీసుకోరా."

బావమరిది తలూపి వెళ్ళిపోయాడు. ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వాడేంటి అలా పుల్లలా అయిపోయాడు? మీరేమైనా అన్నారా?" "నేనేమంటానే!" అన్నాడు నాలుకగారు. ఆయన సిగ్గుపడ్డాడు. ఇందులో వెటకారమేమీ లేదు. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచిపోయేంత సిగ్గుపడ్డాడు.

మర్నాడు తెల్లగదిలో యజమాని అచ్చయిన మూతలు బల్ల మీద పరిచి మురిసిపోతున్నాడు. పాస్ కావాల్సిన సిగార్ పక్కనే ఉంది. బావమరిది గొంతు సవరించుకుని, "సార్, నేనొకటి చెప్పాలి" అన్నాడు.

"వాడు కాదు, నేను చెప్పాలి" అన్నాడు నాలుకగారు. కుర్చీలోంచి లేచాడు కూడా. "సార్, వాడి నోటికేం కాలేదు. పోయింది నాది. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసన లేదు, రుచి లేదు. వాడి సిగార్లో నేను పట్టిన తప్పులన్నీ ఉత్తవి. నోటికొచ్చింది అన్నాను. వాడు నన్ను నమ్మి, బంగారం లాంటి దాన్ని చెడగొట్టుకున్నాడు."

బావమరిది బావ వంక చూడలేదు, బల్ల మీది నీళ్ళ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. యజమాని లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"జ్వరం అంటే... ఆ అంజూరపు జ్ఞాపకం?"

"అప్పటికే పోయింది సార్."

"ఆ తోలు కుర్చీది?"

"అదీ పోయాకే."

తిట్లు వస్తాయని నాలుకగారు తల వంచుకున్నాడు. వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"భలేవారండీ! అంటే రుచితో పని లేకుండానే ఇంత బాగా వస్తోందన్నమాట!" అన్నాడు యజమాని, ముఖం విప్పారిపోయి. "మరి ఇప్పుడొచ్చిన ఇబ్బందేంటి?"

"ఇబ్బంది వీడిదండీ. మొదట తెచ్చిన కలయికే అసలైంది. అది వెయ్యండి. ఇది వద్దు. నా ఉద్యోగం తీసేసినా సరే, ఇది మాత్రం వద్దు."

యజమాని ఒక మూత ఎత్తి, దూరంగా పెట్టుకుని చదివాడు. "'మెత్తబడిన మిరియం మెల్లగా అంజూరంలోకి జారే వేళ.' అచ్చయిపోయిందండీ ఇది. ఏమయ్యా, నీ మొదటి దాంట్లో మిరియం మెత్తబడిందా?"

"అందులో మిరియమే లేదు సార్" అన్నాడు బావమరిది.

"మరి!" అన్నాడు యజమాని, చిక్కుముడి విప్పేసినట్టు. "లేనిదాన్ని ఎలా వేస్తాం? మూతకి తగ్గ సిగార్ ఇదే."

"అయితే నా గుర్తు వద్దు సార్. అది తీసేయించండి."

"పాసయ్యేదేగా అని అడుగున ముద్ర కూడా ముందే వేయించేశానయ్యా. చక్కగా వచ్చింది, ఆకూ చుక్కా." ఆయన వాడి భుజం తట్టి, నాలుకగారి వైపు తిరిగాడు. "ఈ జ్వరం సంగతి గది దాటనివ్వకండి. అన్నట్టు, వచ్చే నెల ఒక ఘాటు రకం దింపుతున్నాం. దానికో నాలుగు ముక్కలు ఆలోచించి పెట్టండి. ఈసారి అంజూరం వద్దు, వేరే పండేదైనా చూడండి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. వాడెవడో గానీ ఈయన ముందు దిగదుడుపే.

మధ్యాహ్నం బావమరిది కంపెనీ వెనక, ఆకు దింపుకునే మెట్ల మీద కూర్చున్నాడు. నాలుకగారు వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. పక్కన కూర్చునే మొహం లేదు.

"తప్పయిపోయిందిరా."

వాడు జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. మొదటి కలయికతో చుట్టిన సిగార్లలో మిగిలింది ఆ ఒక్కటే. దాన్ని చూసి చూసి కొస కోశాడు. అగ్గిపుల్ల గీసి, అంచంతా ఎర్రబడేదాకా తిప్పాడు. ఒక దమ్ము లాగి, ఏమనుకున్నాడో, బావకి అందించాడు. నాలుకగారు రెండు చేతులా అందుకుని పీల్చాడు. నోట్లో తిప్పాడు, ముక్కులోంచి వదిలాడు, మళ్ళీ పీల్చాడు. వెచ్చగా ఉంది. కొసన కాస్త ఉప్పగా ఉంది. ఇంకేమీ లేదు. తిరిగి ఇచ్చేశాడు.

వాడు కాలుస్తూ పోయాడు. మొదటి భాగం అయ్యేసరికి బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. నడిమి భాగంలో ఒకసారి సిగార్ దూరంగా పట్టుకుని, దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవుల మీద మాత్రం నవ్వు. తన నోరు తనకి ఉందని వాడికి తెలిసిపోయింది. నాలుకగారు వాడి ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఒక సిగార్ ఎలా ఉందో తెలుసుకోవాలని ఆయనకి ఇంత ఆకలి ఎన్నడూ వేయలేదు.

"ఎలా ఉందిరా?"

"చెప్పను."

"ఒరేయ్, నాకెటూ తెలియదు. ఒక్క మాట చెప్పరా."

బావమరిది బూడిద రాలకుండా సిగార్‌ని జాగ్రత్తగా రెండో చేతిలోకి మార్చుకుని, బావకి అందనంత ఎడంగా జరిగాడు.

"చెప్పను బావా. చెబితే నువ్వు మూత మీద రాసేస్తావు."